మా బావ మేనేజరైన వైనం

మా బావ జీవితంలో ఒక్కరోజు కూడా మేనేజరుగా పనిచెయ్యలేదు. ఆయన్ని మేనేజర్ని చేసింది మా అక్క. అదీ ఆయన రిటైరై, ఇంటిదారి మర్చిపోవడం మొదలుపెట్టాక.

ఆయన చెప్పుల షాపులో సేల్స్‌మన్. మా అక్కని చేసుకునేనాటికే ఆ షాపులో ఉన్నాడు, ఆ షాపులోనే ఆయన జుట్టు నెరిసింది. పొడుగాటి షాపు. మధ్యలో వరసగా బెంచీలు, నేలకి ఆనించి మోకాలి ఎత్తు అద్దాలు, గోడల నిండా పైకప్పు దాకా అట్టపెట్టెలు. దొంతరలో అడుగునున్న పెట్టెని బావ లాగితే పైవాటిలో ఒక్కటీ కదిలేది కాదు. ఒకసారి నేనూ పంతానికి పోయి లాగాను. నామీద ఎన్ని పెట్టెలు పడ్డాయో, బావ ఎంతసేపు నవ్వాడో అడక్కండి.

కస్టమరు బెంచీ మీద కూర్చోగానే ఎదురుగా పొట్టి పీట వేసుకుని కూర్చునేవాడు. మడమ కింద చెయ్యి పెట్టి పాత చెప్పు తీసేవాడు. పాదాన్ని అటూ ఇటూ చూసి, లోపలికెళ్ళి, ఒకే ఒక్క జత పట్టుకొచ్చేవాడు. బెంచీ నిండా చెప్పులు పరిచి ఏరుకోమనడం ఆయనకి చేతకాదు. తొడిగి, బొటనవేలి దగ్గర నొక్కి చూసి, "లేవండి. నాలుగడుగులు వేసి చూడండి" అనేవాడు. వాళ్ళు అద్దంలో చెప్పులు చూసుకుంటూ ఉంటే ఈయన వాళ్ళ నడక చూసేవాడు. ఎక్కడ కరుస్తుందో వాళ్ళకంటే ముందు ఈయనకి తెలిసేది. "ఇది వద్దులెండి, సాయంత్రానికి మీరు నన్ను తిట్టుకుంటారు" అని తనే విప్పేసేవాడు. షాపు యజమాని ఎన్నిసార్లు తలబాదుకున్నాడో!

నన్ను ఆయన పేరు పెట్టి పిలిచింది తక్కువ. "ఏమోయ్ ఏడో నంబరూ" అనేవాడు. నా కాళ్ళు పెద్దవి. ఆడపిల్లకి అంతంత పాదాలేమిటని మా ఇంట్లో అందరూ దెప్పేవాళ్ళు. బావ ఒక్కడే, "పాదానిది కాదు తప్పు, ఆరో నంబరు దగ్గర ఆపేసిన కంపెనీవాడిది" అన్నాడు. ఆ మాట అన్నరోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య ఏ గొడవొచ్చినా నేను బావ పక్షమే. మా అక్కకి అది ఒళ్ళుమంట.

మా అక్క చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట నేను చెప్పేదంతా వింటే మీకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది, ఇంకా పోలేదు. కానీ అక్క పడినదీ తక్కువ కాదు. మా పిన్ని కూతురి పెళ్ళిలో, అందరూ కుర్చీల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉండగా, ఒకావిడ చెప్పు పట్టీ ఊడింది. మా బావ ఏమీ ఆలోచించకుండా కింద చతికిలబడి, ఆవిడ పాదం తన మోకాలి మీద పెట్టుకుని పట్టీ సరిచేశాడు. మా పిన్ని కొడుకులు "బావగారు డ్యూటీ ఎక్కారర్రోయ్" అని పగలబడి నవ్వారు. అక్కకి తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా "మా ఆయన కంపెనీలో పనిచేస్తారు" అనేది. ఏ కంపెనీ అని ఎవరైనా గుచ్చితే టీ పెట్టడానికి లేచిపోయేది.

రిటైరైన కొన్నాళ్ళకి బావకి మతిమరుపు మొదలైంది. తాళాలు, కళ్ళజోడు మర్చిపోవడం మనందరికీ ఉన్నదే అనుకున్నాం. తర్వాత పొద్దున్నే తయారై షాపుకెళ్ళి నిలబడడం మొదలుపెట్టాడు. ఆ షాపు ఎప్పుడో ఎత్తేశారు. అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతారు. ఆ షాపువాళ్ళు మంచివాళ్ళు, కుర్చీ వేసి కూర్చోబెట్టి అక్కకి ఫోన్ చేసేవాళ్ళు. డాక్టరు చూసి, ఇది పెరిగేదే గాని తగ్గేది కాదన్నాడు. వాళ్ళకి పిల్లల్లేరు. అక్కకి మోకాళ్ళ నొప్పులు. ఆయన వెనకాల పరిగెత్తలేక, తలుపుకి అడ్డంగా మంచం వేసుకుని పడుకునేది. నేను పుస్తకాల బైండింగ్ పనికి పోయేదాన్ని, సాయంత్రం ఒక పూట చూసుకోగలిగేదాన్ని, అంతే. ఆ రోజుల్లో అక్క కళ్ళకింద నల్లటి వలయాలు పడ్డాయి.

అలాంటి సమయంలో దేవుడిచ్చినట్టు ఆ సెంటరు దొరికింది. పెద్దవాళ్ళని పొద్దున వాన్‌లో తీసుకెళ్ళి సాయంత్రం దింపుతారు. పాత బడి కింది గదుల్లో పెట్టారు. టీ ఇస్తారు, బంతి ఒకరికొకరు విసురుకునే ఆట ఆడిస్తారు, పాటలు పాడిస్తారు, మధ్యాహ్నం పడుకోబెడతారు. గురువారం మధ్యాహ్నం ఇళ్ళల్లో వాళ్ళని చూసుకునేవాళ్ళకి వేరే గదిలో మీటింగు. మీటింగంటే ఏమీ లేదు, గుండ్రంగా కూర్చుని తమ బాధలు చెప్పుకోవడం. మా అక్కకి ఆ గురువారం ప్రాణం లేచొచ్చేది. "నా మాట పూర్తయ్యేదాకా అందరూ వింటారే" అంది ఒకరోజు. అంత చిన్న విషయం అంత సంబరంగా చెప్పిందంటే, ఇంట్లో ఎన్నాళ్ళు గోడలతో మాట్లాడుకుందో మరి.

చేర్చుకున్నరోజు సెంటరు మేడమ్ అక్కని అడిగిందట, "ఆయన ఏం పని చేసేవారమ్మా? మాట కలపడానికి పనికొస్తుంది" అని. అక్క తడుముకోకుండా, "ఆఫీసులో మేనేజరండీ" అంది. అప్పుడు నేను పక్కన లేను. ఉంటే అక్కడే ముక్కు మీద గుద్దినట్టు నిజం చెప్పేసేదాన్ని, అందుకే నన్ను తీసుకెళ్ళి ఉండదు.

ఆ సెంటరువాళ్ళని ఏమీ అనడానికి లేదు. పాపం, ఎంతో ప్రేమగా కిటికీ పక్కన టేబులు వేశారు. దినపత్రిక, పెన్ను, తెల్లకాగితాలు, స్టాప్లర్ పెట్టారు. "మేనేజరు గారూ, గుడ్ మార్నింగ్" అనేవాళ్ళు. మా బావ ఆ కుర్చీలో నిమిషం కూర్చుంటే ఒట్టు. లేచి వెళ్ళి ఎవరో ఒకరి ముందు కింద కూర్చునేవాడు. మడమ కింద చెయ్యి పెట్టి చెప్పు తీసేవాడు. పాదం పట్టుకుని చూసేవాడు. ఆడవాళ్ళు "అయ్యయ్యో, ఏమిటండీ ఇది" అని కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. ఒక రిటైర్డు పోస్టుమాస్టరు మాత్రం దర్జాగా రెండో కాలు కూడా చాపేవాడట. ఇది ఈ జబ్బులో ఒక రకం అనుకున్నారు సెంటరువాళ్ళు. చెప్పులు దాచేవాళ్ళని, గుండీలు పీకేవాళ్ళని చూసినవాళ్ళే కదా. ఇక ఆయన "లేవండి, నాలుగడుగులు వేసి చూడండి" అంటే, మేనేజరు కదా, ఆజ్ఞలు వెయ్యడం అలవాటు అనుకుని నవ్వుకున్నారు.

అక్కడే దెబ్బ తగిలింది. ఆ సెంటరులో సంగీతం టీచరుగా చేసి మానేసిన ఒక పెద్దావిడ ఉండేది. నాలుగు కాళ్ళ చేతికర్ర పట్టుకుంటే గాని నడవలేదు. ఒకరోజు బావ ఆవిడ చెప్పు తీసి, చూసి, మళ్ళీ తొడిగి, "లేవండమ్మా, వేసి చూడండి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో ఏమో, ఆవిడ కర్ర మాట మర్చిపోయి లేచింది. లేచి, ఒక అడుగు వేసి, పడిపోయింది. మణికట్టు వాచింది. ఎముక విరగలేదు, అదృష్టం. ఆవిడ కూతురు ఏమీ గొడవ పెట్టుకోలేదు. కానీ మేడమ్‌కి భయం పట్టుకుంది.

అక్కని పిలిపించి మేడమ్ అడిగిందట. "ఆయన పాదాల దగ్గరికే ఎందుకు వెళ్తున్నారు? ఇంట్లో మంచాన పడ్డవాళ్ళకి ఎవరికైనా సేవ చేశారా? ఏదైనా తెలిస్తే దాన్నిబట్టి మేం ఏదో ఒకటి చేస్తాం. ఏమీ తెలియకపోతే ఆయన పక్కన ఒక మనిషిని పూర్తిగా పెట్టాలి, అంత మంది మా దగ్గర లేరు" అని. అంత విడమర్చి అడిగింది. ఒక్క మాట చాలు కదా! కానీ ఆ గదిలోనే గురువారం మీటింగువాళ్ళలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు అక్క అప్పటికే ఎన్నిసార్లు "మా ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టిందో. నీళ్ళు నమిలి, "ఏమోనండీ, నాకేం తెలీదు" అంది. పైగా పౌరుషం పొడుచుకొచ్చి, "మీకు ఇబ్బందైతే మా ఇంట్లో మేం చూసుకుంటాం లెండి" అని బావ చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

నాతో మాత్రం, "వాళ్ళకి మనుషులు సరిపోవడం లేదటే, ఖాళీ లేదన్నారు" అని చెప్పింది. నేను నమ్మాను. ఆ సెంటరుని నోరారా తిట్టాను కూడా.

ఇంట్లో బావ అక్క పాదాల దగ్గర చేరాడు. ఆవిడ కూర గిన్నె దించుతుంటే వెనకనుంచి వచ్చి మడమ పట్టుకునేవాడు. గుండె గుభేల్మని గిన్నె వదిలేసేది. నిజంగా ప్రమాదమే, కాదనను. "లేవండి! సిగ్గులేకపోతే సరి!" అని అరిచేది. చంకల్లో చేతులు పెట్టి లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో పేపరు పెట్టేది. దిగితే మళ్ళీ లేపేది. నేను వెళ్ళినప్పుడు నా కాళ్ళు చాపి, "రా బావా, చూడు" అనేదాన్ని. రెండు చేతుల్లోకి తీసుకుని అలా చూస్తూ ఉండిపోయేవాడు. ముఖం ఎంత ప్రశాంతంగా ఉండేదో! అక్క వచ్చి, "నువ్వు అలుసిచ్చే ఇలా తయారయ్యారు" అని నామీద పడేది.

కొన్ని నెలలకి బావ దిగడం మానేశాడు. కుర్చీలో కూర్చోబెడితే కూర్చునేవాడు. పేపరు ఇస్తే పట్టుకునేవాడు, తలకిందులుగా ఉన్నా సరే. "చూశావా, బుద్ధిగా కూర్చుంటున్నారు ఇప్పుడు" అంది అక్క. గెలిచినట్టే చెప్పింది, నిజం చెప్పొద్దూ.

అంతలో అక్క మోకాలు పూర్తిగా మొరాయించింది. మంచం దిగడమే గగనమైంది. ఇక లాభం లేదని, అక్కకి చెప్పకుండా నేనే సెంటరుకి వెళ్ళాను. వాళ్ళని నాలుగూ దులిపెయ్యాలనే వెళ్ళాను. నేనెవరో చెప్పగానే మేడమ్ నన్ను కూర్చోబెట్టి, "మీ మేనేజరు బావగారు ఎలా ఉన్నారండీ?" అంది.

"మేనేజరేమిటండీ?" అన్నాను.

"అదే, ఆఫీసులో…"

"ఆఫీసా, నా మొహమా! మా బావ చెప్పుల షాపులో పనిచేశాడు. ఈ ఊళ్ళో సగం మంది పాదాలు ఆయన చేతుల్లోంచి వెళ్ళినవే."

మేడమ్ చేతిలో పెన్ను టేబులు మీద పెట్టేసింది. తర్వాత మెల్లిగా, "'లేవండి, నాలుగడుగులు వేసి చూడండి'" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "అయ్యో. అయ్యో, ఎంత పని జరిగిందండీ! నాకు ఒక్కమాట తెలిసుంటే ఆయనకి ఓ పీట వేసి, పది జతల చెప్పులు ఇచ్చేదాన్ని. నడవగలిగినవాళ్ళనే ఆయన ముందు కూర్చోబెట్టేదాన్ని. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు దులపడానికి ఎవరూ మిగల్లేదు. లేచి ఇంటికొచ్చాను.

ఆరోజు అక్కతో పోట్లాడినంత జన్మలో ఎవరితోనూ పోట్లాడలేదు. "ఆయనకి మిగిలిందల్లా ఆ చేతుల్లో పని ఒక్కటే, దాన్ని కూడా చంపేశావు కదే" అన్నాను. అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

"నీకేం తెలుసే," అంది అటు తిరిగే. "నా జన్మంతా నలుగురిలో నోరు మూసుకుని కూర్చున్నాను. అక్కడ మొదటిసారి నన్ను ఎవరో మనిషిగా చూశారు. అది పోతుందని భయమేసింది."

"నిన్ను చూశారే. మేనేజరు పెళ్ళాన్ని కాదు" అన్నాను.

ఆ తర్వాతి గురువారం నా భుజం పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళింది. గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుని, తల వంచుకుని, "మా ఆయన మేనేజరు కాదండీ. చెప్పుల షాపులో జనం కాళ్ళ దగ్గర కూర్చుని పనిచేశారు" అని చెప్పేసింది. చెప్పి, ఎవరు నవ్వుతారో అని బిగుసుకుపోయి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. సంగీతం టీచరమ్మ కూతురు కుర్చీ ముందుకి జరుపుకుని, "అలాగాండీ? ముందే తెలిస్తే మా అమ్మ వాపు కాలికి ఎలాంటి చెప్పు వెయ్యాలో ఆయన్నే అడిగేదాన్ని కదండీ. ఎన్ని కొన్నా కరుస్తున్నాయి" అంది. అంతే. ఇంత కాలం మా అక్క గుండెల మీద మోసిన బండ బరువు అంతే. అక్క అక్కడే ఏడ్చేసింది. వాళ్ళు తనని వెలివెయ్యనందుకు కాదు, అది ఎంత తేలికో ఇప్పుడు తెలిసినందుకు.

మర్నాడే వాన్ వచ్చింది. బావతో పాటు మేమిద్దరమూ ఎక్కాం. సెంటరులో ఆ కిటికీ దగ్గర టేబులు తీసేశారు. బెంచీ వేశారు. ఎదురుగా పొట్టి పీట. ఎవరో తమ ఇంటి నుంచి నిలువుటద్దం తెచ్చి గోడకి అడ్డంగా ఆనించారు. అందరూ తలో జతా తెచ్చారు కాబోలు, బూట్లు, చెప్పులు, పిల్లల సాండల్స్ వరసగా పేర్చి ఉన్నాయి. పోస్టుమాస్టరు అప్పుడే కాళ్ళు చాపుకుని తయారుగా ఉన్నాడు. మా బావ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

బావ నడుచుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. పీట వైపు చూడనైనా లేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు, ఇంట్లో నేర్పినట్టే. మేడమ్ ఒక చెప్పు తెచ్చి చేతికిచ్చింది. పట్టుకున్నాడు, పేపరు పట్టుకున్నట్టు. అది జారి కింద పడిపోయింది. "రేపు చూద్దాం" అంది మేడమ్. ఆ రేపు రాదని ఆవిడ గొంతులోనే తెలిసిపోయింది.

మా అక్క అప్పుడు చేసిన పని నేను ఊహించలేదు. నా భుజం వదిలేసి, బెంచీ పట్టుకుని, ఆ మోకాళ్ళతో ఎలా దిగిందో గాని ఆ పీట మీద కూర్చుంది. బావ మడమ కింద చెయ్యి పెట్టి పాత చెప్పు తీసింది. వేరే జత తొడగబోయింది. రాలేదు. వంకర టింకరగా తోసింది. బావ కాసేపు ఆవిడ చేతులు చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట్లోంచి పూర్తిగా ఒక మాట వచ్చింది.

"కొత్తగా చేరావా అమ్మా?"

అక్క తలెత్తింది. "అవునండీ" అంది.

"పరవాలేదు, అదే వస్తుంది. మొదట్లో నాకూ రాలేదు." అటూ ఇటూ చూసి, ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "ఒక సాయం చెయ్యమ్మా. మా ఆవిడ ఎప్పుడైనా ఇటు వస్తే నేనిక్కడ ఉన్నానని చెప్పకు. నేను ఆఫీసులో ఉన్నానని అందరికీ చెప్పుకుంది. నలుగురిలో చిన్నబోతుంది, పాపం."

మా అక్క రెండు చేతులతో ఆ పాదాన్ని పట్టుకుని, "చెప్పనండి" అంది. లేపడానికి నేను చెయ్యిచ్చాను, కానీ చాలాసేపు లేవలేదు.